ట్యూబు ముక్క

"తాతా, దాని మీద చెయ్యెందుకు పెట్టావ్?"

వినీల గట్టు మీంచి పరుగున వచ్చేసరికి ముసలాయన ఆయిల్ ఇంజను పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

నెరిసిన గడ్డం, భుజాన గుడ్డసంచి. ఏ ఊరివాడో తెలియదు.

ఇంజను పరుగు మందగించింది. అప్పటిదాకా పైపులోంచి ఎగిరి దూకిన నీళ్ళు తీరిగ్గా జారుతున్నాయి.

గవర్నరు స్ప్రింగుకి లాగి కట్టిన సైకిల్ ట్యూబు ముక్క ఆయన చేతిలో వేలాడుతోంది.

గవర్నరు ఇంజనుకి కళ్ళెం. దాన్ని అట్లా రబ్బరుతో లాగి కట్టేస్తే ఇంజను ఒళ్ళు మరిచి పరిగెడుతుంది. ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనే. ఇంజను అద్దెకిచ్చిన బసవపున్నయ్య పొద్దున తన చేత్తోనే కట్టి వెళ్ళాడు.

"నారు బతకాలంటే ఇదే మందు అమ్మాయ్," అన్నాడు కూడా.

ఆ ఏడు కాలువ నీళ్ళు చివరి పొలాల దాకా రానేలేదు. వినీల వాళ్ళది కౌలు చేను. నారుమడి నెర్రెలు విచ్చింది. మురుగు కాలువలోంచి తోడుకునే నీళ్ళే దిక్కు. తెల్లారితే ఇంజను ఇంకో ఊరు పోతుంది. ఈలోగా మడి తడవకపోతే నారు ఎండినట్టే, ఆ ఏడు గింజల మాట మరిచిపోవాల్సిందే.

ఆమె మొగుడు స్టీఫెన్ డీజిలు కోసం సైకిలుకి క్యాను కట్టుకుని పామర్రు వెళ్ళాడు.

"ఆ ముక్క ఇటివ్వు తాతా."

"వద్దమ్మా. దీనికి అంత పరుగు పనికిరాదు."

"నువ్వేమన్నా మెకానిక్కువా?"

"కాదు."

"మరి కింది చేను వాళ్ళు పంపారా? మేం తోడింది తగ్గితే వాళ్ళకి మిగులుద్దని?"

ఆయన సంచిలోంచి స్పానరు తీసి గవర్నరు మరను ఇంకాస్త వదులు చేశాడు. కదలకుండా దాని మీది నట్టు బిగించేశాడు. ట్యూబు ముక్కని సంచిలో వేసుకున్నాడు.

ఇంజను నిదానంగా, ముసలి గేదె నడిచినట్టు నడుస్తోంది.

వినీలకి ఏడుపొచ్చినంత పనైంది. బిగించిన నట్టు విప్పే సాధనం ఆమె దగ్గర లేదు.

తుమ్మచెట్టు కింద చంటిది గుక్కపెట్టింది. పాక్కుంటూ కాలువలోకి పోతుందేమోనని పాత చీర పేలిక దాని నడుముకి చుట్టి, రెండో కొస చెట్టుకి కట్టి ఉంచింది వినీల. పొద్దుట్నుంచీ ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను నీటి మీద. కాళ్ళు పీకుతున్నాయి.

"మంచినీళ్ళేమన్నా ఉన్నాయా తల్లీ?"

"కాలువలో ఉన్నాయిగా. పోయి తాగు."

నాచు పట్టిన మురుగు నీటి వైపు చూసి ఆయన తల ఊపాడు. కోప్పడలేదు.

"కొంగు బిగించి దోపుకో అమ్మా," అన్నాడు లేస్తూ.

అది విని వినీలకి నషాళానికంటింది.

"నా కొంగు గోల నీకెందుకయ్యా? నీ ఇంటి ఆడది ఇట్లా ఎండలో ఇంజను కాడ నిలబడుంటే తెలిసేది నీకు, నీళ్ళ తొందరంటే ఏంటో."

ముసలాయన ఆగాడు. ఇంజను వైపు ఒకసారి చూశాడు. పాత పగవాణ్ణి చూసినట్టుంది ఆ చూపు.

తర్వాత గట్టు పట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచాడు.

పొద్దు వాలింది. మడి సగం కూడా తడవలేదు. ఆమె ఆయన్ని తిడుతూనే ఉంది.

ఉన్నట్టుండి చంటిది కెవ్వుమంది.

వినీల చుట్టు తిరిగి వెళ్ళాల్సింది. తొందరలో ఇంజన్నీ పంపునీ కలుపుతూ తిరిగే బెల్టు పక్కనుంచే అడ్డంగా పరిగెత్తబోయింది. గాలికి కొంగు ఎగిరింది.

వెనకనుంచి ఎవరో పట్టి గుంజినట్టైంది. మెడ బిగుసుకుంది. ఆమె ఇంజను బండి చట్రానికి కాళ్ళు తన్నిపెట్టి కొంగుని వెనక్కి లాగింది.

ఇంజను మూలిగింది. ఊపిరాడనట్టు దగ్గింది. బెల్టు పక్కకి జారి గట్టు మీద పడింది.

చిరిగిన కొంగు బెల్టు తిరిగే పుల్లీ చక్రానికి చుట్టుకుపోయింది. వినీల భుజం మీద తోలు లేచింది. పాక్కుంటూ వెళ్ళి పిల్లని ఒళ్ళో వేసుకుంది. లేచి నిలబడే ఓపిక లేకపోయింది.

చీకటి పడకముందే స్టీఫెన్ వచ్చాడు. వెనకే బసవపున్నయ్యా వచ్చాడు. పుల్లీకి చుట్టుకున్న గుడ్డ చూసి ఆయన వంగి గవర్నరు తడిమాడు.

"నేను కట్టిన రబ్బరేదమ్మాయ్?"

"ఎవరో ముసలాయన ఊడబీకి పట్టుకుపోయాడు బాబాయ్."

బసవపున్నయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"వచ్చాడా? నేను కట్టడం, ఆయన ఇప్పడం. ఏటా ఇదే గోల. విసుగొచ్చి ఈసారి ఏ ఊరు పంపుతున్నానో చెప్పలేదు. బస్సులో పోతా చప్పుడు గుర్తుపట్టి వచ్చుంటాడు."

"ఆ రబ్బరు ఉండుంటే?" అన్నాడు స్టీఫెన్.

"ఉండుంటే కొంగుతో ఆగేది కాదురా." జారిన బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. "తెల్లారి తీసుకుపోన్లే. మడి తడిసేదాకా ఉంచుకోండి. ఈ నడకనే నడవనీండి."

వినీల పిల్లని స్టీఫెన్ చేతికిచ్చింది.

"నీళ్ళడిగితే మురుగు కాలువలో తాగమన్నాను బాబాయ్. ఎక్కడుంటాడు? పోయి కాళ్ళు పట్టుకుంటా."

"కూచిపూడి బస్సు ఎప్పుడో పోయింది. అక్కణ్ణించి ఎటు పోతాడో ఎవరికి తెలుసు?"

"ఎవరు బాబాయ్ ఆయన?"

బసవపున్నయ్య పుల్లీకి చుట్టుకున్న గుడ్డని మెల్లగా విప్పుతున్నాడు.

"ఈ ఇంజను ఆయన దగ్గర కొన్నదే అమ్మాయ్. నీలాగే నారుమడికి నీళ్ళు పెడతా, వాళ్ళావిడ రావమ్మ దీని పక్కన నిలబడే, కొంగు చుట్టుకుని ప్రాణం వదిలింది."