వంకలో కుస్తీ

“దొంగోడు నీకు సలాము కొట్టి వస్తాడా పుల్లన్నా?”

గిడ్డయ్య రోజూ అడిగేది ఇదే. ఆలూరులో పుల్లన్న కుస్తీ నేర్చుకునే తాలింఖానా నడుస్తున్న కొట్టం ఆయనది. ఆ ఏడు వేరుశనగ విరగకాసింది. మూటలకు చోటు చాలక ఆయన కన్ను ఆ కొట్టం మీద పడింది.

“మట్టి పూసుకొని పొర్లాడేది ఆటప్పా. కత్తి పట్టుకొని వచ్చేటోని ముందర మీ పట్లేం పనిచేస్తాయి? రేపు నా బండెంట ఆదోనికి రా. వంకలో దొంగోడు ఉండాడంట. వాన్ని పడేస్తే కొట్టం మీదే. ల్యాకుంటే మూటలేసుకుంటా.”

పుల్లన్న ఛాతీ విరిచి సరేనన్నాడు. కుస్తీ నేర్పే ముసలి ఉస్తాదు మస్తాన్ సాహెబు మాత్రం గోడకానుకొని కొట్టం కప్పు వైపు చూశాడు. ఆ కొట్టం పోతే ఆయనకు తల దాచుకునే చోటు కూడా లేదు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకు బండి నీళ్లు లేని వంక ఇసుకలోకి దిగింది. దొంగ రానే వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చెవి నలిగి ముద్దకట్టింది. మొలలో కత్తి. వచ్చీ రాగానే గిడ్డయ్య చేతి కడియం లాక్కున్నాడు.

పుల్లన్న బండి దిగాడు. చొక్కా విప్పి, మడతపెట్టి, మూటల మీద పెట్టాడు. వంగి ఇసుక తీసి కళ్లకద్దుకున్నాడు. అరచేతులకు రుద్దుకున్నాడు. తొడ చరిచాడు.

“ముందు వాన్ని పట్టుకోప్పా సామీ,” అన్నాడు గిడ్డయ్య ఏడుపు గొంతుతో.

దొంగ ఇదంతా అయ్యేదాకా ఆగాడు. పుల్లన్న ఛాతీ చూసి బెదిరాడని గిడ్డయ్య అనుకున్నాడు.

ఇద్దరూ కలబడ్డారు. కాసేపటికి దొంగ వెన్ను ఇసుకకు తాకింది. తాకడమే ఆలస్యం, పుల్లన్న వాణ్ణి వదిలేసి, పైకి లేపడానికి చెయ్యందించాడు. తాలింఖానాలో అలవాటు అదే మరి.

గిడ్డయ్య పైప్రాణాలు పైనే పోయాయి. “లేపుతాండావేందప్పా? వాని మొలలో కత్తి ఉండాది.”

దొంగ ఆ చెయ్యి పట్టుకొని లేచాడు. కడియం తీసి పుల్లన్న అరచేతిలో పెట్టాడు. తల వంచుకొని కంపచెట్లలోకి నడిచిపోయాడు.

ఆదోని నుంచి తిరిగి రాగానే గిడ్డయ్య ఈ కథ ఊరంతా చెప్పాడు. అడగనివాళ్లకు కూడా చెప్పాడు. ఆ పైన తన కొడుకులిద్దర్నీ తెచ్చి ఉస్తాదు ముందు నిలబెట్టాడు.

“శానా తప్పు మాట్లాడినా సాయిబూ. దారిలో పనికొచ్చే విద్యంటే ఇదే. కొట్టం మీదే. ఇంకమీద నా బండ్లన్నిటికీ పుల్లన్నే కావిలి.”

పుల్లన్న మీసం మెలేస్తూనే ఉన్నాడు. గిడ్డయ్య వెళ్లేదాకా ఆగి, ఉస్తాదు అతన్ని దగ్గరికి పిలిచాడు.

“వానికి చెవి నలిగింటాదా బేటా?”

“అవు ఉస్తాద్, ఎడమది. మీకెట్ల తెలుసు?”

ఉస్తాదు తన కాళ్ల కింది మట్టిని అరచేత్తో చదును చేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“ఇంకో దొంగోడు ఎదురొస్తే పరిగెత్తు బేటా, వెన్ను తాకితే ఓడినట్టని ఒప్పుకునే దొంగోడు ఈ సీమ మొత్తంలో నేను నేర్పినోడు ఒక్కడే.”