ఈ రోజు మందులివ్వబడవు

"లోపల శిక్షణ జరుగుతోంది, ఈ రోజు మందులివ్వరు. సోమవారం రా తల్లీ," అంటూ మానసిక వైద్యశాల వాచ్‌మన్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

ఆమె బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. మాత్రలు నిన్నటితో అయిపోయాయి. కిందటిసారి నాలుగు రోజులు ఆగితే, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ఎవరి బిడ్డో అన్నట్టు గోడకేసి చూస్తూ కూర్చుండిపోయింది. ఇంకోసారి అలా జరిగితే పిల్లను నీ చేతికివ్వనని అత్తగారు తెగేసి చెప్పింది.

దేనికయ్యా ఆ శిక్షణ, అని అడిగింది.

"పేషెంట్లు మందులు మానకుండా ఎలా చూసుకోవాలో నేర్పుతున్నారట."

అరికాలి మంట నెత్తికెక్కింది. అతని చెయ్యి తోసేసి లోపలికి నడిచింది.

గదిలో ఇరవై మంది ఉన్నారు. బోర్డు దగ్గర నిలబడ్డ శిక్షకురాలి ముఖం ఆమెను చూడగానే విప్పారింది. "వచ్చారా, మీకోసమే చూస్తున్నాం. పాపను కూడా తెచ్చారే, ఇంకా మంచిది. చెప్పండి."

చెప్పమన్నాక ఆగుతుందా? ఆర్నెల్లుగా దిగమింగినదంతా కక్కేసింది. రెండు బస్సులు మారి వస్తే పాత చీటీ లేదని తిప్పి పంపడం, ఈ మాత్రలు వేసుకుని పాలివ్వొచ్చా అంటే మొహం మీదే కిటికీ వేసెయ్యడం, ఒక్కరోజు ఆలస్యమైతే ముదిరాక వస్తారు మహాతల్లులని నలుగురిలో దెప్పడం, ఒకటేమిటి.

"మందులు మేం మానట్లేదమ్మా. మీరు మాన్పిస్తున్నారు," అంది చివరికి.

ఆర్నెల్లుగా ఆమె చీటీ మీద ముద్ర వేస్తూ ఒక్కసారైనా తలెత్తని నర్సు లేచి వచ్చి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. పాలివ్వడం గురించి డాక్టరుగారిని తనే అడిగి చెబుతానంది. "తప్పు మాదేనమ్మా. భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి," అంటూ భుజం నిమిరింది. కిటికీ అవతల చేతులు తప్ప మనుషుల్ని చూడని మందులాయన, తనే వెళ్ళి నెలకు సరిపడా మాత్రలు తెచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ఓపిగ్గా చెప్పి, ఆమె చేతిలో పెట్టాడు.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంత మంచివాళ్ళ మీద నోరు చేసుకున్నానే అని ప్రాణం చివుక్కుమంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక ఆ మాత్రలు ఇలా ఇచ్చెయ్యమ్మా," మందులాయన నవ్వుతూ చెయ్యి చాపాడు. "పేషెంట్లకివ్వాల్సినవి."

ఆమె తెల్లబోయి గుప్పిట బిగించింది. అంతలో ఒకావిడ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమనుకోకండి, దారిలో ఆలస్యమైంది. పేషెంటులా నటించడానికి రమ్మన్నది నన్నే."