శాలువా కప్పే చేతులు

“మహిపాలూ, పైకి రా! మీ అన్నకు నువ్వే శాలువా కప్పాలె,” అని పటేల్ వెంకటరాజం మైకులో పిలిచాడు.

మా దళితవాడలో పుట్టి, తాలూకాలోనే మొదటి వకీలై, రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన దేవదాసన్నకు ఆరోజు ఊళ్లో సన్మానం. నన్ను పిలిచినందుకు పొంగిపోయాను. పళ్లెంలోని శాలువా తీసి విప్పాను.

అన్న నా చెయ్యి పట్టి ఆపాడు.

“పటేలా, పిలిచింది మీరు. మీరే కప్పరాదుండ్రి?”

“మీ వాడకట్టోడు కప్పితె మీకు ఖుషుంటదని, సారూ.”

“మొన్న బ్యాంకు మేనేజరుకు మీరే కప్పిండ్రట గదా?”

“ఇయ్యాల ఒక్కపొద్దు ఉన్న సారూ. ఇటునుంచి ఇటే గుడికి పోవాలె.”

పాచిపోయిన అన్నం నోట్లో పడ్డట్టు అన్న ముఖం వికారమైంది.

“తమ్మీ, మా ఇంట్ల బీరువ నిండ శాలువలే. అన్నీ మనోళ్లు కప్పినయే. ఇరవై ఏండ్లకు సమజైంది నాకు,” అని మెట్లు దిగిపోయాడు.

నా పొంగు తలచుకుంటే నాకే రోత పుట్టింది. శాలువా మడిచి, అప్పటికే కూర్చున్న పటేల్ ఒళ్లో పెట్టబోయాను.

తాను కొన్న శాలువాను చూసి ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.