తల్లి వేషం

"వగ్దీ గారికి తల్లిగా వేయనన్నారట. అంత పట్టుదల దేనికండీ ఇజ్లాల్ గారూ?" అని టీవీ యాంకర్ షహీరా ప్రత్యక్ష ప్రసారంలోనే అడిగేసింది.

ఇజ్లాల్ సోఫాలో సర్దుకుని కూర్చుంది. ఆమెకు నలభై తొమ్మిది. పక్కనే కూర్చున్న హీరో వగ్దీకి యాభై ఆరు. తనకన్నా ఏడేళ్లు పెద్దవాణ్ణి ఎలా కన్నదని మా కైరోలో ఏ నిర్మాతనూ ఎవరూ అడగరు. రంజాన్ నెల సీరియల్‌కు సంతకాలు రేపే. అందులో తనకు భార్య పాత్రే కావాలని ఆమె రెండు నెలలుగా మొండికేసింది. ఒక్కసారి తల్లి వేషం కడితే ఇక జన్మంతా మంచంలో దగ్గుతూ పడుకునే పాత్రలే. భార్య పాత్రకేమో ఇరవై ఆరేళ్ల పిల్లను అనుకుంటున్నారు.

"కథలో వాళ్ల పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఆ పిల్లకు ఆరో ఏట చేశారా పెళ్లి?" అంది ఇజ్లాల్.

స్టూడియోలో జనం చప్పట్లు కొట్టారు. షహీరా ఊరుకునే మనిషా! ప్రేక్షకుల మెసేజ్‌లు చదవడం మొదలుపెట్టింది. జపమాల పట్టుకుని ఇంట్లో కూర్చోమన్నారు ఒకరు. ఆవిడ ప్రేమ సన్నివేశంలో పరుగెత్తితే వెనకాలే అంబులెన్స్ పంపాలన్నారు ఇంకొకరు. ఒక్కొక్కటీ చదివి, మేమంతా మీ అభిమానులమే సుమా అనేది షహీరా. గిల్లేదీ ఆవిడే, జోకొట్టేదీ ఆవిడే.

ఇజ్లాల్ వగ్దీ వైపు చూసింది. ఆ సీరియల్‌లో అతను గీసిందే గీత. తన తరఫున అతను ఒక్క మాటంటే చాలు, పాత్ర దక్కుతుంది.

షహీరా కూడా అతని వైపే తిరిగింది. సీరియల్ సంగతి సరే, నిజంగా అయితే ఈ వయసావిడను చేసుకుంటారా అని అడిగింది.

వగ్దీ నవ్వుతూ చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "ఈవిడనా? మా అమ్మలాగా, మా అక్కలాగా ఈవిడ నాకు హరాం."

ఈమె నాకు తాకరానిదని, కోపమొచ్చినా సరదా పుట్టినా మా మగాళ్ల నోట దొర్లే ఒట్టే అది. జనం పడీ పడీ నవ్వారు. ఇజ్లాల్ ముఖం పాలిపోయింది. పాపం, ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

కార్యక్రమంలో చివరి పావుగంట షేక్ అబ్దుల్‌బారీది. ప్రేక్షకుల ధర్మసందేహాలు తీర్చే ఆ పెద్దాయన పక్క కుర్చీలో తన వంతు కోసం చూస్తున్నాడు. ఇజ్లాల్ ఆయన వైపు తిరిగింది. ఒక మగవాడు ఒకావిడను ఆ మాటంటే ఏమవుతుందని మెల్లగా అడిగింది.

"పరాయి ఆడమనిషిని అంటే ఏమీ కాదు తల్లీ, నోటిదురుసు, అంతే," అన్నాడు షేక్. "కట్టుకున్నదాన్ని అంటే మాత్రం మహాపాపం. రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసం ఉండేదాకా ఆమెను తాకకూడదు."

వగ్దీ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. షహీరా ప్రకటనల కోసం విరామం చెప్పబోయింది.

ఇజ్లాల్ మైకు వదల్లేదు. "పదకొండేళ్ల కిందట ఇద్దరు సాక్షుల ముందు, ఎవరికీ చెప్పకూడదని ఒట్టేయించుకుని, ఈయన నన్ను పెళ్లి చేసుకున్నాడు షేక్ గారూ. ఇప్పుడు నేను ఈయనకు ఏమవుతాను?"