మిల్కు, బ్రెడ్డు

ఉత్తమ నటి అవార్డు పట్టుకుని కారెక్కింది సంహిత. వెనకే అమ్మ ఎక్కింది.

ఆ ఇంగ్లీషు సినిమాలో సంహితది ఇండియా నుంచి అమెరికా వచ్చిన తల్లి వేషం. ఆమె తెలుగు యాసలో “మిల్కు, బ్రెడ్డు” అన్నప్పుడల్లా హాలంతా నవ్వింది. అమ్మా నవ్వింది. “ఎవర్ని ఇమిటేట్ చేశావే?” అని ఆ రోజే అడిగింది.

“ఎవర్నీ కాదమ్మా” అని అబద్ధమాడింది సంహిత. ఇవాళ స్టేజి మీద కూడా ఆ అబద్ధం గుచ్చుతూనే ఉంది.

అమెరికాలో తాముండే అరోరా ఊళ్లో పోస్ట్‌మన్‌ని సైతం ఆపి కబుర్లు చెప్పే అమ్మ, ఇందాక రిపోర్టర్లు మైకులు పెడితే దణ్ణం పెట్టి ఊరుకుంది.

“రెండు మాటలు చెప్పొచ్చు కదా అమ్మా” అంది సంహిత.

కూతురి గౌను అంచు తలుపులో పడకుండా అమ్మ లోపలికి సర్దింది.

“నేను నోరు విప్పితే, నువ్వు ఎవర్ని ఇమిటేట్ చేశావో అందరికీ తెలిసిపోదూ?”