అందరిదీ ఒకే మాట

"కాలువ వస్తే మా పిల్లలు చెప్పులేసుకుని బడికి పోతారు మేడమ్."

ముగ్గురు చెప్పారు ఆ మాట. ముగ్గురూ పొల్లుపోకుండా చెప్పారు. మూడోసారి వినేసరికి భూతద్దం కళ్ళు చిన్నవయ్యాయి.

భూతద్దం అంటే నగరపాలక ఆఫీసులో తోటివాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు. వెనకాల మాత్రమే అనేవారు లెండి, ఎదురుగా అనే దమ్ము ఎవరికుంది? ఆ నగరంలో ఏటా కొంత సొమ్ము ఏ పనికి వాడాలో జనమే ఓటేసి తేలుస్తారు. వంతెనో, కాలువో, పార్కో. ఎక్కువ ఓట్లొచ్చిన పనికి సొమ్ము వెళ్తుంది. కాకపోతే ముందు భూతద్దం వచ్చి చూడాలి, ఆ ఓట్లు జనం మనసులోంచి వచ్చాయా, వెనక ఎవరైనా ఉండి వేయించారా అని. ఆవిడ కాదందంటే అంతే సంగతులు. సొమ్ము రెండో స్థానంలో ఉన్నవాళ్ళకి పోతుంది.

ఈసారి మొదటి స్థానం పల్లపు వీధివాళ్ళు అడిగిన వాననీటి కాలువది. వానొస్తే చాలు, ఊళ్ళో నీళ్ళన్నీ పిలవని చుట్టాల్లా వాళ్ళిళ్ళలో దిగుతాయి. టైలరక్క అయితే ముందు మంచానపడ్డ అత్తగారిని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టి, ఆ తర్వాతే కుట్టుమిషను సంగతి చూస్తుంది. కిందటి వానల్లో తడి పక్క మీదే ఉండి ఆ ముసలావిడ ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకుంది. ఇంకో వానాకాలం తట్టుకోలేదని డాక్టరు చెప్పేశాడు. అందుకే టైలరక్క ఇంటింటికీ తిరిగింది. కాళ్ళావేళ్ళా పడి అందరినీ కూడగట్టింది.

ఇవాళ బడి హాల్లో మీటింగు. టైలరక్క ఆఫీసరమ్మకి ఫ్యాను కింద కుర్చీ వేసింది. వెనక వరసలో ఒంటరిగా కూర్చున్నావిడకి కూడా గ్లాసుతో నీళ్ళందించి, "ఇబ్బందేం లేదు కదండీ?" అని అడిగి వచ్చింది.

నాలుగో మనిషి లేచాడు. రిటైరైన వాచ్‌మన్ తాత. మైకు పట్టుకున్నాడు.

"కాలువ వస్తే... మా పిల్లలు..."

ఆగిపోయాడు. బిక్కమొహం వేసి టైలరక్క వైపు చూశాడు. ఆమె పెదాలు కదిలాయి.

"ఆఁ, చెప్పులు!" అన్నాడు తాత సంబరంగా.

హాలంతా గొల్లున నవ్వింది. భూతద్దం మాత్రం నవ్వలేదు.

"తాతగారూ, మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారా?"

"లేరమ్మా. నేనొక్కణ్ణే."

"మరి?"

తాత మైకు టైలరక్క చేతిలో పెట్టేశాడు. భూతద్దం టైలరక్క వైపు తిరిగింది.

"ఎవరు నేర్పారమ్మా ఇదంతా?"

"ఎవరు నేర్పుతారు మేడమ్? మైకంటే మావాళ్ళకి హడల్. రోజూ సాయంత్రం మా షాపు ముందు కూచుని మాట్లాడుకున్నాం. వీధి దీపాలు కావాలన్నారు కొందరు, రోడ్డన్నారు కొందరు. తిట్టుకున్నాం, అలిగాం, చివరికి కాలువ దగ్గర తేలాం. మీ ముందు తడబడతామేమోనని ఒకటికి నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాం."

"అందరూ ఒకే మాటా?"

"ఇల్లు మునిగేవాళ్ళకి ఇంకో మాట ఏముంటుంది మేడమ్?"

బాగుంది జవాబు. మరీ బాగుంది. అదే నచ్చలేదు భూతద్దానికి. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని చూడలేదు! టిఫిన్లు పెట్టి జనాన్ని తోలుకొచ్చిన మీటింగులు, కాంట్రాక్టర్లు రాసిచ్చిన ఉపన్యాసాలు. నిజమైన జనమైతే గోల చేస్తారు, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడతారు. ఇంత పద్ధతిగా ఉండరు గాక ఉండరు.

ఎక్కడో తేడా కొడుతోందనుకుంటూ బయటికొచ్చింది. కారు దగ్గర ఎవరో "మేడమ్" అని మెల్లగా పిలిచారు. చూస్తే, వెనక వరసలో కూర్చున్నావిడ.

"నా పేరు మాత్రం అడక్కండి మేడమ్. రేపు వీళ్ళ మధ్యే బతకాలి నేను."

"భయపడకండి. చెప్పండి."

"కాలువ వస్తే నాకూ మంచిదే. కానీ కళ్ళముందు మోసం జరుగుతుంటే నోరు మూసుకుని ఎలా ఉండను? ఇదంతా కాంట్రాక్టరు ఆడిస్తున్న ఆట. రోజూ సాయంత్రం ఆ టైలరు షాపు ముందు కూచోబెట్టి వల్లె వేయించారు. పాపం ఆ ముసలాయన్ని చూశారుగా!"

చూసింది. సాయంత్రాల సంగతి టైలరే ఒప్పుకుంది కూడా. తన అనుమానమే నిజమైనందుకు భూతద్దానికి ఎక్కడలేని హుషారొచ్చింది. సొంత వీధి కాలువని కూడా వదులుకుని నిజం చెప్పిందంటే, ఈమెకి ఎంత గుండెధైర్యం!

"మీలాంటివాళ్ళు వీధికొకరుంటే మా ఉద్యోగాలతో పనే ఉండదండీ," అంది మనస్ఫూర్తిగా.

కారు బానెట్టు మీదే కాగితం పెట్టి, ఇది జనం సొంతంగా తేల్చుకున్నది కాదని రాసి సంతకం గీకేసింది.

బడి గేటు దగ్గర నుంచి టైలరక్క చూస్తూనే ఉంది. ఆఫీసరమ్మ సంతకం పెట్టిందంటే పనైపోయినట్టే అనుకుంది పిచ్చిది. అక్కణ్ణుంచే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, అత్తగారికి చెప్పడానికి ఇంటికి పరిగెత్తింది.

"ఎక్కండి, మీ ఇంటి దగ్గర దింపుతాను," అంది భూతద్దం.

"వద్దు మేడమ్. మీ కార్లో చూశారంటే నన్ను బతకనివ్వరు."

అదీ నిజమే అనుకుని భూతద్దం వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆవిడ పల్లపు వీధిలోకి కాకుండా మెయిన్ రోడ్డు వైపు నడుస్తూ ఫోను తీసి, "ప్రెసిడెంటన్నయ్యా, మొదటి స్థానంవాళ్ళు పోయారు, ఇక సొమ్ము మన కాలనీ పార్కుకే, శిలాఫలకం మీద మీ పేరు చెక్కించేసుకోండి," అంది.