నాలుక తీసిన గంట

చర్చి మ్యూజియంలో ఫోన్లు ఆపేయాలన్న నియమం, దాన్ని చూసుకునే మా మరిదే పెట్టాడు. అందుకే నేనే నడిచి వెళ్ళవలసి వచ్చింది.

పాత గంట గాజు పెట్టెలో ఉంది. దాని నాలుక ఊడదీసి, పక్కనే మరో పెట్టెలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టారు.

"ఆ నాలుక తగిలించు బాబూ. మనవాళ్ళలో ఒకరు పోయారు. గంట మోగాలి."

"మళ్ళీ మొదలెట్టారా వదినా! మొన్న ఆ దర్జీ ఆయన కోసం వచ్చారు. పోయినవాళ్ళందరికీ మోగిస్తే బీటలు వారుతుంది. ఇది మన వారసత్వం, కాపాడుకోవాలి."

"ఇన్నేళ్ళూ ప్రతి చావుకీ మోగింది. అప్పుడు వారని బీటలు ఇప్పుడెందుకు వారతాయి? మోగనప్పుడు దీనికంటే కోళ్ళ గంప నయం!"

అతను నవ్వాడు. "అమ్మ కూడా అచ్చం ఇలాగే సాధిస్తుంది. ఆదివారం వస్తానని చెప్పండి."

నా ఒళ్ళు మండిపోయింది. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా కూడబలుక్కున్న మెత్తటి మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఇంతసేపు మాట్లాడావు. పోయిందెవరని ఒక్క మాట అడగలేదేం?"

అతని నవ్వు ఆగింది.

"మీ అమ్మ. ఇందాకే. గంట సంగతి వాడు చూసుకుంటాడులే అనుకుంటూనే పోయింది."

నాలుక ఉన్న పెట్టె దగ్గరకు వెళ్ళాడు. తాళంచెవి తలకిందులుగా పెట్టి తిప్పుతున్నాడు. నాకు జాలి కలగలేదు. తాళంచెవి లాక్కుని నేనే తెరిచాను.